కుంపటికి పనికొచ్చే నిప్పు

మా స్కూలు టీచర్లందరం ఒకసారి పెనుకొండ కొండ కింద వనభోజనాలకు వెళ్లాం. రెండువేల సంవత్సరం దాటాక ఎప్పుడో, నేను హిందూపురంలో పనిచేస్తున్న రోజుల్లో. సాయంత్రం చలి మొదలయ్యేసరికి క్యాంప్‌ఫైర్ వేద్దామని కుర్ర మాస్టర్లకు ఉబలాటం పుట్టింది. కట్టెలన్నీ బీరువాలో పుస్తకాలు సర్దినట్టు సందు లేకుండా పేర్చి, పైన కిరసనాయిలు గుమ్మరించి, దూరం నుంచి అగ్గిపుల్ల విసిరారు. భగ్గుమంది. చప్పట్లు కొట్టారు. కిరసనాయిలు కాలిపోగానే చప్పబడింది. మళ్లీ పోశారు, మళ్లీ చప్పట్లు. మూడోసారి డబ్బా ఎత్తేసరికి నాకు చిర్రెత్తుకొచ్చింది.

"జరగండప్పా" అని ఆ కట్టెలన్నీ కాలితో తోసేసి మొదటినుంచి పేర్చాను. ఒక్క పుల్లతో అంటించాను. కాసేపటికి అందరూ దాని చుట్టూ కుదురుగా కూర్చున్నారు. "ఎవురు నేర్పించినారు మేడం?" అని ఒకాయన అడిగాడు. "ఎవురూ నేర్పల్యా, చూసినా" అన్నాను. అది నిజమే. మా నాయన దేన్నీ పిలిచి నేర్పించే మనిషి కాదు.

నాయన రైల్వేలో గ్యాంగ్‌మన్. పట్టాల కింద కంకర సర్దడం, వదులైన బోల్టులు బిగించడం వాళ్ల పని. పెనుకొండ స్టేషన్‌కు కొంచెం దూరంలో వరసగా నాలుగైదు క్వార్టర్లుండేవి, మాది చివరిది. తొంభైల చివర్లో నేను ప్యాసింజరు బండెక్కి హిందూపురం కాలేజీకి పోయి వచ్చేదాన్ని. చలికాలం తెల్లవారుజామున గ్యాంగు వాళ్లు ఎనిమిది మందీ పనికి పోయేముందు మా వాకిట్లోనే చలి కాచుకునేవారు. ఆ మంట వేసేది నాయన ఒక్కడే. ఇంకెవరినీ చెయ్యి పెట్టనిచ్చేవాడు కాదు.

ముందు నేల ఊడ్చి, నిన్నటి బూడిద పలచగా పరిచేవాడు. తడి నేల మంటను కిందినుంచే చంపుతుందట. దాని మీద గుప్పెడు చెనిక్కాయ పొట్టు, పొట్టు మీద కొబ్బరి పీచు, పీచు చుట్టూ వేలెడంత సన్నం కంది పుల్లలు వాలుగా. కొండ వైపునుంచి గాలి వస్తుంది కాబట్టి ఆ వైపు అరచెయ్యి పట్టేంత సందు వదిలేవాడు. ఆ సందులోకే పుల్ల గీసి పెట్టేవాడు. పుల్లలు అంటుకుని చిటచిటమన్నాక కంప కట్టెలు, అవి ఎర్రబడ్డాక చింత మొద్దు. ఎవరైనా తొందరపడి పెద్ద కట్టె ముందే పెట్టబోతే, "తినేకి పెట్టేముందర ఊపిరాడనీప్పా దానికి" అనేవాడు. మా నాయన రోజంతా మాట్లాడే మాటల్లో సగం ఇవే.

ఆ మంటకు ఒక కట్టుబాటు ఉండేది. కాచుకోవడానికి వచ్చే ప్రతివాడూ ఒక్క కట్టె తేవాలి. దారిలో ఏరుకొచ్చినా సరే, ఇంట్లోంచి తెచ్చినా సరే. ఉత్త చేతులతో వచ్చినవాణ్ని ఎవరూ ఏమీ అనరు గానీ కూర్చోవడానికి చోటివ్వరు. గ్యాంగు మేస్త్రీ కూడా చంకలో కట్టె పెట్టుకునే వచ్చేవాడు.

ఇంకో కట్టుబాటు నాయనది. స్లీపరు కట్టె వేయకూడదు. ఆ రోజుల్లో పట్టాల కింద పాత కొయ్య దిమ్మెలు తీసేసి సిమెంటువి వేస్తున్నారు. ఆ పాత స్లీపర్ల పేళ్లు లైను పొడుగునా పడి ఉండేవి. ఏళ్ల తరబడి నల్ల నూనె తాగిన కొయ్య అది, వానలో కూడా అగ్గి చూపిస్తే అంటుకుంటుంది. కొత్తగా చేరిన మనిషి ఒకతను ఒకరోజు అది తెచ్చి వేశాడు. నాయన చేత్తోనే లాగి అవతల పారేసి, ఆ రోజంతా అతనితో పలకలేదు. పొగ గొంతులో పడుతుందని కాబోలు అనుకున్నాం అందరం.

మంట తగ్గి నిప్పులు పడ్డాక నాయన పారతో మంచి నిప్పులు ఒక పక్కకు తోసి, "ఏమ్మే, నిప్పులు" అని కేకేసేవాడు. "వస్తాండా" అని లోపలినుంచి అమ్మ గొంతు. అమ్మ కుంపటి పట్టుకుని వచ్చి నిలబడితే నాయన దాంట్లోకి ఎత్తి పోసేవాడు. ఆ కుంపటి మీదే అన్నం ఉడికేది, ఆ అన్నమే నాయన క్యారియర్లోకి పోయేది. వాళ్లిద్దరూ పొద్దున పూట మాట్లాడుకోగా నేను విన్నది ఆ రెండు ముక్కలే. పద్దెనిమిదేళ్లు విన్నాను. అవి మాటలని కూడా నాకు తోచేది కాదు.

అమ్మ నాలుగు నెలలు మంచంలో ఉండి, కార్తీకంలో పోయింది.

నేను ఏడవలేదు. ధర్మవరం నుంచి వచ్చిన అమ్మమ్మ వాళ్లు నన్ను పట్టుకుని గుండెలు బాదుకుంటుంటే, వాళ్ల భుజం మీదుగా గోడకున్న క్యాలెండరు చూస్తూ నిలబడ్డాను. "రాయి మాదిరి ఉండాది చూడు" అని ఎవరో గుసగుసలాడారు. అన్నారని కోపం కూడా రాలేదు. అన్నం పెడితే తిన్నాను, పడుకోమంటే పడుకున్నాను. ఒంట్లో ఎవరో దీపం తీసేసి తలుపేసుకుని పోయినట్టుండేది.

నాయన గోడవైపు తిరిగి పడుకున్నాడు. దినాలు అయ్యేదాకా ఎవరికీ అది తేడాగా అనిపించలేదు. చావు జరిగిన ఇంట్లో పొయ్యి వెలిగించరు, వాకిట్లో మంటెవరు వేస్తారు? దినాలయ్యాయి, అమ్మమ్మ వాళ్లు వెళ్లిపోయారు. నాయన లేవలేదు. నేను స్టవ్వు మీద ఏదో ఉడికించి పెడితే రెండు ముద్దలు తిని, మళ్లీ గోడవైపు తిరిగేవాడు. కుంపటి గూట్లో బోర్లించి ఉంది.

గ్యాంగు వాళ్లు మాత్రం రోజూ వచ్చేవాళ్లు. మంట లేని చోట కాసేపు నిలబడి, తలా ఒక కట్టె అక్కడ పెట్టి పనికి పోయేవాళ్లు. ఎవరూ తలుపు తట్టలేదు. రోజుకు ఏడు కట్టెలు. ఆ కుప్ప కిటికీ అంచుదాకా పెరిగింది.

శుక్రవారం సాయంత్రం మేస్త్రీ వచ్చి గడప బయటే నిలబడ్డాడు.

"ఏమ్మా, మీ నాయన ఎట్లుండాడు?"

"అట్లే ఉండాడు."

"ఆమె బాగలేనప్పుడే సెలవులన్నీ అయిపాయ. ఇన్ని దినాలు నేనెట్లో నెట్టుకొస్తి. సోమారం పనిలోకి రాల్సిందే. రాకపోతే ధర్మారం ఆఫీసుకు రాయాల నేను. రాయకపోతే నా మెడకు చుట్టుకుంటాది." లోపలికి తొంగి చూసి, "రాసినానంటే ఉద్యోగం నిలబడేది కష్టం. ఈ కొంపా ఉండదు మీకు. నువ్వన్నా చెప్పమ్మా" అన్నాడు.

చెప్పాను. నాయన వీపుకు చెప్పాను. వీపు కదల్లేదు.

మనిషిని మాటలతో లేపడం నా వల్ల కాదని ఆ రాత్రే తేలిపోయింది. మంట వేస్తే లేస్తాడేమో అనుకున్నాను. ఎందుకనుకున్నానో నాకే తెలియదు, వేరే ఏమీ తోచలేదు అంతే. శనివారం తెల్లవారకముందే వాకిట్లో కూర్చుని పొట్టు, పీచు, పుల్లలు అన్నీ పేర్చాను. మంట నిలబడాలన్న ఆత్రంలో కట్టెలు మరీ బిగించేశాను. గాలి సందు మర్చిపోయాను. పన్నెండు పుల్లలు గీశాను. తెల్లటి పొగ తప్ప ఇంకేమీ రాలేదు. గ్యాంగు వాళ్లు వచ్చి, కట్టెలు పెట్టి, నా వైపు చూడకుండా పోయారు. ఒక పుల్ల వేళ్లదాకా కాలి బొబ్బెక్కితే, మంట పుట్టాల్సిన చోట నాకేమీ తెలియలేదు. ఎవరి వేలో చూసినట్టు చూశాను.

ఆదివారం వాళ్లకు సెలవు. నేను వెనక దొడ్లో మూడుసార్లు వేసి చూశాను. మూడోసారి నిలబడింది. సోమవారానికి ఇది చాలనుకున్నాను.

సోమవారం లేచి చూస్తే మంచు కురిసి కుప్పంతా తడిసి ఉంది. పొట్టు కూడా మెత్తబడింది. పుల్ల తర్వాత పుల్ల గీస్తున్నాను, అన్నీ సుయ్యిమంటున్నాయి. దూరంగా పట్టాల మీద మేస్త్రీ టార్చి కనిపించింది. అప్పుడు నా బుర్రకు తోచిన తెలివి చూడండి. స్నానాల గదికి మెట్టుగా వేసిన స్లీపరు చెక్క ఒకటుంది. దాన్ని గొడ్డలితో నాలుగు పేళ్లు చీల్చి తెచ్చి వేశాను.

అంటుకుంది. ఎందుకు అంటుకోదు? మనిషెత్తు లేచింది. నల్లటి పొగ చుట్టలు చుట్టుకుంటూ తిన్నగా మా తలుపులోకి పోయింది. వచ్చినవాళ్లు తువ్వాళ్లు మూతికి అడ్డం పెట్టుకుని దూరంగా నిలబడ్డారు. మేస్త్రీ తను తెచ్చిన కట్టె కుప్ప మీద పెట్టి వెనక్కి జరిగాడు.

లోపల దగ్గు వినబడింది. మంచం కిర్రుమంది. నాయన బయటికి వచ్చాడు.

గడ్డం పెరిగి, పంచె జారిపోతూ, ఎవరో ముసలాయన వచ్చినట్టనిపించింది. నన్ను చూడలేదు, వాళ్లనూ చూడలేదు. మంట వైపే చూశాడు. పార తీసుకుని స్లీపరు పేళ్లన్నీ దూరంగా లాగి మట్టి కప్పాడు. తర్వాత ఆ నిప్పును, బూడిదను, మొత్తం ఎత్తి అవతల పోశాడు. ఒక్క రవ్వ మిగల్చలేదు. నేల ఊడ్చాడు. కుప్ప అడుగునుంచి ఎండు కట్టెలు లాగాడు. లోపలికి పోయి, తను పడుకున్న పాత బొంత చించి దాంట్లో పత్తి తెచ్చి పీచు బదులు పెట్టాడు. కొండవైపు సందు వదిలాడు. ఒక్క పుల్ల గీశాడు.

పుల్లలు చిటచిటమన్నాయి, కంప కట్టెలు ఎర్రబడ్డాయి. అందరూ ముందుకు జరిగి చేతులు చాపారు. పదహారు రోజులుగా పోగైన కట్టెలు ఒక్కొక్కటే తీసి నాయన పెడుతున్నాడు. తెల్లగా తెల్లవారింది. మంట తగ్గి, నిప్పులు పడ్డాయి.

నాయన పారతో మంచి నిప్పులు ఒక పక్కకు తోశాడు. తోసి, తల ఎత్తకుండానే, "ఏమ్మే, నిప్పులు" అని కేకేశాడు.

పార ఆగిపోయింది. మేస్త్రీ పట్టాల వైపు తిరిగాడు. ఒకతను తువ్వాలు దులుపుకున్నాడు. స్లీపరు కట్టె ఎందుకు వద్దన్నాడో నాకు అప్పుడు తెలిసింది. ఆ నిప్పు మీద ఉడికిన అన్నం నూనె కంపు కొడుతుంది. ఇన్నేళ్లూ నాయన గ్యాంగు కోసం మంట వేస్తున్నాడనుకున్నాం. ఆయన వేసింది అమ్మ కుంపటికి నిప్పులు. మాకందరికీ అందులో వేడి దొరికిందంతే.

నాయన కళ్లు మా తలుపు మీదే ఉన్నాయి. ఆ కేకకు ఎవరూ పలకకపోతే పార అక్కడ పడేసి లోపలికి పోతాడు, ఇంక లేవడు. అది నాకు తెలిసినంత ఖాయంగా నా జీవితంలో ఇంకేదీ తెలియలేదు. నేను వాకిట్లోనే, ఆయన పక్కనే ఉన్నాను. అయినా లేచి ఇంట్లోకి పరుగెత్తాను. లోపలినుంచి, "వస్తాండా" అన్నాను.

గూట్లోంచి కుంపటి తీసి, బూజు దులిపి, పట్టుకుని వచ్చి నిలబడ్డాను. నాయన ఎత్తి పోశాడు. రెండు నిప్పులు జారి నా కాళ్ల దగ్గర పడ్డాయి. వాటిని కూడా ఏరి వేశాడు.

లోపలికి వచ్చి కుంపటి మీద అన్నం ఎసరు పెట్టాను. శనివారంనాటి బొబ్బ అప్పుడు మండడం మొదలుపెట్టింది. వేలు నోట్లో పెట్టుకుని ఏడ్చాను. ఎంతకీ ఆగలేదు. అవి మంచి చింత నిప్పులు, పొగ లేదు. పొగకు కళ్లు నీరు కారాయని చెప్పుకోవడానికి కూడా లేకపోయింది.

బయట మేస్త్రీ, "పోదామా?" అంటున్నాడు.

"అన్నం కానీప్పా, క్యారియరు కట్టాల" అన్నాడు నాయన. "మీరు నడుస్తా ఉండండి. వస్తాండా."