కుక్కకాటు బీమా, మా అమ్మ నోరు

మా బోయిగూడ అపార్ట్‌మెంట్‌లో కుక్కకు బీమా చేయించిన మొదటి మనిషిని నేనే. ఈ సంగతి లిఫ్ట్‌లో, మెట్ల మీద, పాల ప్యాకెట్ల దగ్గర అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ చెప్పేదాన్ని. మా కుక్క ఎవరినైనా కరిస్తే వాళ్ల వైద్యానికి, పోయిన కూలికి కంపెనీ డబ్బులిస్తుంది. "మనుషులకే దిక్కు లేదు, కుక్కకు బీమానా?" అని నవ్వినవాళ్లున్నారు. నవ్వితే నవ్వనీ అనుకున్నాను. పెంచుకునే సరదా మనదైనప్పుడు కాటు బాధ ఎదుటివాళ్ల నెత్తిన ఎందుకు పడాలి? ఆ మాట ఇప్పటికీ అంటాను.

ఇంతకీ ఆ కుక్క ఏదో గొప్ప జాతిదనుకునేరు. మోండా మార్కెట్‌కు వంకాయలకని వెళ్లిన మా అమ్మ సంచిలో వేసుకొచ్చిన వీధికుక్క పిల్ల. దానికో వింత గుణం ఉంది. ఎవరొచ్చినా తోక ఊపుతూ రానిస్తుంది. చేతిలో మన వస్తువు పట్టుకుని గడప దాటబోతే మాత్రం ఒప్పుకోదు. ఒకసారి నా స్నేహితురాలు మా గొడుగు అడిగి తీసుకుని, కుక్క గడప దాటనివ్వక, గంటసేపు మా సోఫా మీదే కూర్చుంది. అందుకని బయటివాళ్లకు ఏమివ్వాలన్నా మేమే గుమ్మం అవతలికి వెళ్లి ఇచ్చేవాళ్లం.

మా మెట్ల కింద పదేళ్లుగా ఇస్త్రీ చేసే ఆవిడకూ బట్టల మూట అలాగే ఇచ్చేవాళ్లం. ఒకరోజు నేను ఆఫీసులో ఉన్నాను. అమ్మకు మోకాళ్ల నొప్పులు. కుర్చీలోంచి లేవకుండా, "నువ్వే లోపటికొచ్చి తీస్కపో బిడ్డా. మనింట్ల చాయ్ తాగినోళ్లను అది ఏమనది" అందట. రోజూ చాయ్ తాగినవాళ్లు ఇంటిమనుషులేనని మా అమ్మ లెక్క. కుక్క లెక్క వేరు. మూటతో గడప దాటుతుంటే కుడిచేతిని మణికట్టు దగ్గర పట్టేసింది.

పక్కింటావిడ గాయానికి పెట్టమని కారం డబ్బా తెచ్చిందట. అమ్మ ఆ డబ్బా లాక్కుని అవతల పెట్టి, నల్లా కింద సబ్బుతో చేయి బాగా కడిగి, ఆటో ఎక్కించి సర్కారు దవాఖానకు తీసుకుపోయింది. అంతదాకా లేవని మోకాళ్లు అప్పుడెలా లేచాయో ఆ దేవుడికే తెలియాలి. నేను ఇంటికొచ్చేసరికి మొదటి సూది అయిపోయింది.

బీమా ఏజెంటుకు ఫోన్ చేశాను. "మేడం, కంపెనీవాళ్లు విచారించేదాకా తప్పు మీదని ఎక్కడా ఒప్పుకోవద్దు. నోటిమాటగా కూడా వద్దు. క్లెయిమ్ ఆగిపోతుంది" అన్నాడు. చదువుకున్నదాన్ని కదా, ఆ సలహా నాకు తెగ నచ్చింది. ఎవరేమడిగినా ఉలకొద్దు, పలకొద్దని అమ్మకు మరీ మరీ చెప్పాను.

ఆదివారం అసోసియేషన్ మీటింగ్. మెట్ల కింద జాగా మీద సెక్రటరీగారికి ఎప్పటినుంచో కన్ను, స్కూటర్లు పెట్టించాలని. "పిలవకుండా ఇళ్లలోకి దూరితే కుక్క ఊరుకుంటుందా? ఇవాళ ఆ ఇల్లు, రేపు మన ఇల్లు. ఆవిణ్ణి ఖాళీ చేయించేద్దామండీ" అన్నాడు. ఇస్త్రీ ఆవిడ కట్టుకట్టిన చేయి కొంగు కింద దాచుకుని నేలచూపులు చూస్తూ నిలబడింది. ఆ జాగా పోతే ఆమెకు బతుకుదెరువు పోయినట్టే. అది అక్కడున్న అందరికీ తెలుసు, నాకూ తెలుసు. తెలిసీ ఏజెంటు మాట తలుచుకుంటూ బెల్లం కొట్టిన రాయిలా కూర్చున్నాను. రాయడానికి సిగ్గుగానే ఉంది.

అమ్మ లేచింది. నేను కొంగు పట్టుకుని లాగితే విదిలించుకుంది.

"పిల్వకుండ దూరిందా? ఎవరు జెప్పిన్రు నీకు? నేనే రమ్మన్న. లేవనీకి బద్దకమై లోపటికి పిల్చిన. మా కుక్క గుణం నాకెర్కే, అయినా కట్టెయ్యలే. తప్పు నాది. ఖాళీ జేపిస్తే మమ్ముల జేపియ్యి. ఆ బిడ్డ జాగా జోలికొస్తే నేను సుత ఆ మెట్ల కిందనే కూసుంట."

"అది కాదాంటీ, ఏదో బీమా వ్యవహారం ఉందంటున్నారు. మీరిలా మాట్లాడకూడదేమో" అన్నాడు సెక్రటరీ.

"బీమా ఉంటె అబద్ధమాడాల్నా?"

సెక్రటరీగారు నీళ్ల ట్యాంకు కడిగించే సంగతి ఎత్తుకున్నాడు. మెట్ల కింద జాగా మాట మళ్లీ ఎవరూ తీయలేదు. నాకైతే, ఈవిడ మా అమ్మ అని ఆ హాల్లో గట్టిగా అరిచి చెప్పాలనిపించింది. అంత గర్వం నా ఉద్యోగానికీ కలగలేదు, నా బీమాకూ కలగలేదు.

ఆ సాయంత్రమే ఫారం నింపి, జరిగింది జరిగినట్టు రాశాను. ఏజెంటు తల పట్టుకున్నాడు. కంపెనీవాళ్లు నాలుగుసార్లు తిప్పించుకుని చివరికి డబ్బులిచ్చారు. ఇవ్వకపోతే మేమే ఇచ్చుకునేవాళ్లం. కుక్కను పెంచేవాళ్లంతా బీమా చేయించుకోవాల్సిందేనని నేను ఇప్పుడు ఇంకా గట్టిగా చెబుతున్నాను. తప్పు ఒప్పుకునే పని మాత్రం కంపెనీకి అప్పగించకండి.

తర్వాతి సూదికి ఆఫీసుకు సెలవు పెట్టి ఇస్త్రీ ఆవిడను నేనే తీసుకెళ్లాను. దవాఖాన లైన్లో నిలబడి అడిగాను. "అక్కా, అమ్మ పిలిస్తేనే వచ్చానని మీటింగ్‌లో నువ్వెందుకు చెప్పలేదు?"

"సెక్రటరీ సారుకు ముందుగాలనే చెప్పిన మేడం. ఇననే లేదు. మల్ల చెప్తే ఇంటడా?" అని, కట్టు సర్దుకుంటూ మళ్లీ అంది. "అమ్మ లేస్తదని నాకెర్కే. గందుకే సప్పుడు జెయ్యలే."

కడుపున పుట్టిన నాకు ఆ నమ్మకం లేకపోయింది. ఆమెకుంది.