బావ ఎక్కితే లాగని బండి

దెయ్యం, గాలి, దిష్టి అంటే నాకు మొదటినుంచీ ఒళ్లు మంట. పలాసలో మెకానిక్ షెడ్డు నాది. బండికి దిష్టి తగిలిందంటూ ఎవరైనా వస్తే, “ముందు డీజిల్ ఫిల్టర్ విప్పు, దెయ్యం అందులోనే ఉంటాది” అని నవ్వేవాణ్ణి.

రెండువేల సంవత్సరం దాటిన రోజులు. మా అక్క మొగుడు జోగారావు బావది కవిటి దగ్గర పల్లె. కొబ్బరికాయలు తోలే పాత పికప్ వ్యాన్ ఉండేది. మా ఉద్దానంలో ఎందరికో పోయినట్టే ఆయనకీ కిడ్నీలు పోయాయి. డయాలసిస్‌కి విశాఖ వెళ్లాలి. తిరిగొచ్చేటప్పుడు కూర్చోలేడని వెనక పరుపు వేసి, ఆ వ్యానులోనే నేను తిప్పేవాణ్ణి.

ఒకరోజు టెక్కలి దాటాక ఎత్తులో బండి నీరుగారిపోయింది. యాక్సిలరేటర్ ఎంత తొక్కినా లాగదు. ఈడ్చుకుంటూ వెళ్లేసరికి ఆస్పత్రిలో బావ వంతు పోయింది. మర్నాడు మిషను దొరికేదాకా ఊపిరాడక ఆయన పడ్డ అవస్థ పగవాడికి కూడా వద్దు. వచ్చేటప్పుడూ బండిది అదే వరస.

షెడ్డుకి తెచ్చి ఇంజిన్ మీద పడ్డాను. ఫిల్టర్లు మార్చాను. ఇంజెక్టర్లు శుభ్రం చేయించాను. సైలెన్సర్ విప్పి మసి దులిపాను. క్లచ్ బాగానే ఉంది, కంప్రెషనూ బాగుంది. వెనక నిండా కాయలు వేసి అదే ఎత్తు ఎక్కిస్తే గుర్రంలా ఎక్కింది. హమ్మయ్య అనుకున్నాను.

మళ్లీ బావనీ అక్కనీ ఎక్కించుకుని బయలుదేరితే, అదే ఎత్తులో అదే కథ! కాయల బరువు మోసిన బండి, పుల్లలా చిక్కిపోయిన మనిషిని మోయలేకపోవడమేమిటి?

లోపం దొరక్కపోతే ఒక్కొక్కటే తీసేసి చూడడం మా మెకానిక్కుల పద్ధతి. ఎయిర్ ఫిల్టర్ తీసి నడిపాను. సైలెన్సర్ గొట్టం ఊడదీసి నడిపాను. స్టెప్నీ, పరుపు, నీళ్ల క్యాను కూడా దింపేశాను. లాభం లేదు. అప్పుడు, నా ఖర్మ కాలి, బావ వంక చూశాను. ఆ చూపు ఆయనకి అర్థమైపోయింది.

“అన్నీ తీసి సూసినావు కదరా తవుడూ. నన్నూ తీసి సూడు,” అని తలుపు తీసుకుని దిగాడు.

“ఏటి మావా ఆ మాటలు!” అని అక్క ఏడ్చింది.

ఎక్కు బావా అనాల్సినవాణ్ణి, గేరు వేశాను. సిగ్గులేని జన్మ. తెలుసుకోవాలన్న దురద అంత పని చేయించింది. అక్కతో సహా బండి ఒక్క ఉదుటున ఎత్తెక్కేసింది. అద్దంలో కింద బావ రోడ్డు పక్కన నిలబడి చూస్తూనే ఉన్నాడు.

వెనక్కి దింపాను.

“లాగినాదా?” అన్నాడు.

“లేదు బావా.”

“మంచి మెకానిక్కువే గానీ, అబద్దం ఆడనేవురా,” అని నవ్వి, వస్తున్న బస్సుకి చెయ్యెత్తాడు. అక్క వెనకే పరుగెత్తింది. ఆ తర్వాత ఎంత బతిమాలినా ఆయన మళ్లీ ఆ వ్యాను ఎక్కలేదు. బస్సులో కమ్మీ పట్టుకుని వేలాడుతూ తిరిగాడు, ఓపిక ఉన్నన్నాళ్లూ.

ఎందుకలా అయిందో ఇప్పటికీ చెప్పలేను. ఎంతమంది మెకానిక్కుల్ని అడిగినా డీజిల్లో నీళ్లని ఒకడు, ఇంకోటని ఇంకొకడు. అదేదైనా, బావ దిగ్గానే బాగవుతుందా?

చివరికి ఆయన పోయినప్పుడు విశాఖ నుంచి ఆ వ్యానులోనే ఇంటికి తెచ్చాం. ఒక్కసారి, ఒక్క ఎత్తులోనైనా మొరాయించమని దారంతా ఏడుస్తూ తోలాను. మొరాయించలేదు.