పదకొండు సామాన్లు, ఒక గుంత

పార పట్టడం ఇష్టంలేక పటాలంలో చేరిన వీరుణ్ణి నేను. ఏడో తరగతితో బడి మానేశాను. మా నాయన బావి లోతు చేస్తుంటే మూడేళ్లు ఆయనతో పాటు దిగి తవ్వాను. నీళ్లు పడలేదు, శనక్కాయ చెట్లు ఎండిపోయాయి. ఒకరోజు పార గట్టు మీద పెట్టి, మా పావగడలో బస్సెక్కి, చివరికి సైన్యంలో డ్రైవరునయ్యాను. ఎనభైల చివర్లో అస్సాం కొండల కింద ఒక రిజర్వు ఫారెస్టులో ఉన్న సైనిక పోస్టుకు చేరాను. అక్కడ హవల్దారు ఒక టన్ను బరువు మోసే బండి తాళం నా చేతికిచ్చి మొట్టమొదట చూపించిన వస్తువేమిటో తెలుసా? పార. బండి పక్కన బెల్టుతో కట్టి ఉంది.

పోస్టు నుంచి తారు రోడ్డుకు ఇరవై రెండు కిలోమీటర్లు. దారి అంటే రెండు చక్రాల గాడి, మధ్యలో మూడు వాగులు. జూన్ నుంచి వాన ఆగదు. చెక్‌పోస్టు దగ్గర ఫారెస్టు గార్డు ఒకే మాట చెప్పేవాడు: పచ్చి చెట్టు నరకకూడదు. గొడ్డలి ఉన్నది దారికి అడ్డంగా పడినవాటికే. అందుకని కావలసినదంతా మనమే మోసుకుపోవాలి.

రోజూ ఐదున్నరకు సామాన్ల హాజరు. హవల్దారు హిందూపురం వైపు మనిషి. ఆయన పేర్లు చదివితే నేను చూసి "ఉండాది సార్" అనాలి. పార, గడ్డపార, గొడ్డలి. జాకీ, బురదలో అది దిగబడకుండా కింద వేసే చెక్కపలక. చక్రాలకు చుట్టే గొలుసులు, లాగుడు తాడు, గోనె సంచులు. గాలి పంపు, స్పేర్ చక్రం, నీళ్ల డబ్బా. మొత్తం పదకొండు. నెల తిరిగేసరికి చూడకుండానే "ఉండాది" అనడం మొదలుపెట్టాను.

ఒకరోజు పొద్దున మా వైర్‌లెస్ ఆపరేటర్ మంచం దిగలేదు. మూడు రోజులుగా మలేరియా. పోస్టులో సెట్టు వాడడం తెలిసినవాడు ఆయనొక్కడే. ఆ రోజు ఆయన జ్వరం కలవరింతలో మాట్లాడుతున్నది సెట్టులో కాదు, ఎక్కడో ఊళ్లో ఉన్న వాళ్లమ్మతో.

"మధ్యాన్నం లోపల ఆసుపత్రికి చేరాల. లేకుంటే నా చేతిలో ఏమీ లేదు," అన్నాడు మందుల సిపాయి.

ఆరూ ఇరవైకి బయల్దేరాం. నా పక్కన హవల్దారు, వెనక రోగి, మందుల సిపాయి. ఏడూ యాభైకి రెండో వాగు. నీళ్లు దాటాం. అవతలి ఒడ్డెక్కుతుంటే ముందు చక్రాలు ఇరుసు దాకా దిగబడ్డాయి. గొలుసులు చుట్టాం. గోనె సంచులు వేస్తే బురద మింగేసింది. జాకీ ఎత్తితే బండి లేవలేదు, పలకతో సహా జాకీయే దిగింది. వెనక వాగు పెరుగుతోంది.

బండి ముందు విన్చి ఉంది, అంటే ఇంజను బలంతో ఇనుప తాడును చుట్టుకునే డ్రమ్ము. ఆ తాడు అందేంత దూరంలో ఒకే చెట్టు. బెరడు తెగకుండా గోనె చుట్టి కట్టి లాగాం. నానిన నేల. చెట్టు మర్యాదగా వంగి, వేళ్లతో సహా మా వైపే వచ్చింది.

"ఇంగో చెట్టు అందదు. ఏం చేస్తావురా పావగడా?" అన్నాడు హవల్దారు.

"మా కాడ చెట్లే ఉండవు సార్. వాటిని నమ్ముకొని యాపొద్దూ పని చేయలేదు."

బావిలోంచి రాళ్లెత్తే క్రేను ఒరగకుండా తాడుతో వెనక్కి కట్టాలి. కట్టడానికి మా చేలో చెట్టేది? నాయన గుంత తీసి, బండరాయికి తాడు చుట్టి పూడ్చేవాడు. ఆ రాయి ఎన్నడూ పైకి రాలేదు. ఇక్కడ అంత రాయి లేదు కానీ స్పేర్ చక్రం ఉంది.

హవల్దారుకు వెంటనే అర్థమైంది. "తియ్ పార!"

పార లేదు. ముందురోజు పొయ్యిలో బూడిద తీయడానికి వంటవాడికిచ్చాను. పొద్దున మాత్రం "ఉండాది" అన్నాను.

ఆయన నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. "తవ్వు. దేంతోనైనా తవ్వు," అన్నాడంతే.

గట్టి నేల చూసి గడ్డపారతో పెళ్లగించాను. ఇద్దరం అన్నం పళ్లేలతో మట్టి ఎత్తిపోశాం. పారతో పావుగంట పని, యాభై నిమిషాలు పట్టింది. బండిలోంచి "అమ్మా, నీళ్లు" అని వినిపిస్తూనే ఉంది. మూడడుగుల లోతున చక్రం నిలబెట్టి, దాని వెనక అడ్డంగా గడ్డపార పెట్టి, ఇనుప తాడును చక్రం నడిమి బెజ్జంలోంచి తెచ్చి ఆ గడ్డపారకు బిగించాం. వాగు రాళ్లు, మట్టి వేసి తొక్కాం.

తొమ్మిదీ పదికి విన్చి తిప్పాను. తాడు బిగిసింది. గుంత మీద మట్టి కొంచెం ఉబ్బింది, ఆగింది. బండి బురదలోంచి గట్టెక్కింది. చక్రాన్నీ గడ్డపారనూ అక్కడే వదిలి, పదకొండూ నలభైకి ఆసుపత్రి చేరాం. మూడో రోజు ఆపరేటర్ కళ్లు తెరిచి అడిగిన మొదటి మాట: "నా సెట్టు ఎవడన్నా ముట్టుకున్నాడా?"

హవల్దారు సామాన్ల పుస్తకంలో చివరన ఒక వాక్యం రాశాడు: "చెట్టు అందకపోతే పావగడ పద్ధతి." నా తర్వాత వచ్చిన డ్రైవర్లందరికీ అదే నేర్పారు. నాకు శిక్ష కూడా వేశాడు. వారం రోజులు భోజనానికి కూడా పార భుజాన వేసుకునే వెళ్లాను. అయినా పుస్తకంలోని ఆ వాక్యం తలుచుకుంటే ఒక అంగుళం ఎత్తు పెరిగినట్టుండేది నాకు.

ఆసుపత్రికి వెళ్లిన మర్నాడే చక్రం తీసుకోవడానికి వాగు దగ్గరికి వెళ్లాం. తవ్వి పైకి లాగాను. గుంతలోకి నలువైపుల నుంచీ నీళ్లు వచ్చాయి. నీళ్లు కావాలని ఎవరూ అడగలేదు, ఎవరూ మొక్కలేదు. మూడడుగులే. కాసేపటికి మట్టి అడుగుకు దిగి, అందులో ఆకాశం కనబడింది. హవల్దారు పిలుస్తున్నా నేను కదల్లేదు. కళ్లు మూసుకుంటే ఇప్పటికీ ఆ గుంతే.

పదిహేనేళ్ల సర్వీసు ముగించుకుని ఇంటికొచ్చాక, బావి గట్టు మీద కూర్చుని నాయనకు ఇదంతా చెప్పాను. ఆ బావి అప్పటికి ఎనభై అడుగులు, అడుగున ఎండిన రాయి. నాయన బీడీ ఆర్పి, లోపలికి ఒకసారి తొంగి చూశాడు.

"పదకొండు సామాన్లు బండిలో ఏసుకొని తిరిగినానంటివి కదరా. ఆ గుంతను గూడా ఏసుకొని వచ్చింటే నీ సొమ్మేం పోయేది?"