ప్లగ్గు తీసి పెట్టినా ఏడే

లిఫ్టుల కంపెనీలో సర్క్యూట్ బోర్డులు బాగుచేసే ఆ కోడలికి కుదురన్నది పుట్టుకతోనే లేదు. కూర తరుగుతూ లేచి స్క్రూ బిగిస్తుంది, స్క్రూ బిగిస్తూ లేచి పాలు దించుతుంది. వాళ్ళుండే మేడలో ఇరవై కాపురాలు, బళ్ళు పెట్టుకోవడానికి నీడ మాత్రం నలుగురికే. ఎవరికివ్వాలన్నా కొట్లాటే. "చీట్లు వేస్తే మడతలు గుర్తుపెట్టుకుంటారు. నేనో పెట్టె చేస్తాను, మీట నొక్కితే ఇంటి నంబరు అదే చూపిస్తుంది" అని కోడలు తనే తల దూర్చింది.

సాయంత్రం డ్రా అనగా పొద్దునకి పెట్టె సిద్ధం. నొక్కినకొద్దీ కొత్త నంబరు. మురిసిపోయి స్నానానికి వెళ్ళింది. వాడని వస్తువు ప్లగ్గులో ఉంటే అత్తగారి ప్రాణం ఒప్పదు, పీకేసింది. కోడలు వచ్చి ప్లగ్గు పెట్టి నొక్కితే ఏడు. కాస్త పక్కకి తిరిగేసరికి అత్త మళ్ళీ పీకింది. పెట్టి నొక్కితే మళ్ళీ ఏడే. ఏడో నంబరు వీళ్ళ ఇల్లే!

"పెట్టెకి మనింటి ఉప్పు తిన్న విశ్వాసం బాగానే ఉందే!" అత్త పకపకా నవ్వింది.

"నవ్వకండి అత్తయ్యా! దొంగ మిషను చేసిందని అందరూ అంటే రేపు మెట్ల మీద తలెత్తుకుని నడవగలనా?"

కాలు కాలిన పిల్లిలా గదంతా తిరిగింది. పెట్టెలోని చిప్పు ఆ సంఖ్యల్ని లెక్క కట్టి పుట్టిస్తుంది. ఎక్కడ మొదలెట్టాలో చెప్పకపోతే కరెంటు వచ్చిన ప్రతిసారీ ఒకే చోట మొదలెడుతుంది. ప్రోగ్రాములో ఆ ముక్క రాయడమే మరిచింది. చిప్పుకుండే పిన్నుల్లో ఒకదాన్ని ఏ తీగకీ కలపకుండా గాలికి వదిలేసి, అక్కడ ఊగిసలాడే కరెంటు కొలతని మొదలుగా ఇచ్చి చూసింది. రెండుసార్లు మారి, మూడోసారి మళ్ళీ ఏడు!

"తిని ఏడువవే, పెట్టెకి కాళ్ళున్నాయా పారిపోవడానికి!" అత్త కసిరింది.

తినలేదు. మీట నొక్కేదాకా చిప్పుని గబగబా అంకెలు లెక్కపెడుతూ ఉండమంది. నొక్కిన క్షణాన ఏ అంకె మీదుంటే అదే మొదలు. రెప్పపాటులో వేల అంకెలు దాటిపోతుంటే ఏ వేలు గురి చూసి నొక్కగలదు?

సాయంత్రం అందరూ చేరాక, ఎవర్నీ నమ్మని పై అంతస్తు దర్జీ ముందు పెట్టె పెట్టింది.

"పొద్దున ఒకే నంబరు చూపించి నా పరువు తీయబోయింది బాబాయ్. బాగుచేశాను. మీరే పరీక్షించండి."

"నువ్వు చెప్పాలా! ప్లగ్గు కూడా నా చేత్తోనే తీస్తా."

తీశాడు, పెట్టాడు, నొక్కాడు. పద్నాలుగు. మళ్ళీ తీసి పెడితే మూడు. మళ్ళీ, పంతొమ్మిది.

"తప్పు పట్టడానికి ఏమీ మిగల్చలేదు కదమ్మాయ్!" అంటూ మొహం చిట్లించి, అసలు డ్రా కూడా ఆయనే తీశాడు. నలుగురికీ నీడ దక్కింది. ఆ నలుగురిలో ఏడు లేదు. పొద్దుటినుంచి బిగబట్టిన ఊపిరి కోడలు అప్పుడు వదిలింది.

అత్త మోచేత్తో పొడిచి, "పొద్దున దాని మానాన దాన్ని వదిలేసి ఉంటే మన బండి నీడన పడేదిగా! ఎండకి సీటు కాలితే నీ ఒళ్ళో కూర్చోనా?" అని గొణిగింది.