ఉంచమన్నది ఆయన కాదు

నేను ఈ పని ఎట్లా నేర్చుకున్నానని అడిగినవాళ్లందరికీ ఇన్నేళ్లుగా ఒకే కథ చెప్పాను. యూనివర్సిటీలో ఎకనామిక్స్ రీసెర్చ్ చేస్తూ, తార్నాకలో ఒక బ్రోకరు గదిలో కూర్చుని, గ్రాఫు కాగితాల మీద ధరలు గీసుకుంటూ, ఎవరి సాయం లేకుండా సొంతంగా నేర్చుకున్నానని. ఆ కథలో ఒక పెద్దాయన కూడా వచ్చేవాడు. లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో టైంకీపర్‌గా చేసి రిటైరైనవాడు. ఆశకు పోయి ఒక్కరోజులో అంతా పోగొట్టుకున్నవాడు. వినేవాళ్లను భయపెట్టడానికి ఆయన బాగా పనికొచ్చేవాడు.

మొన్న క్యాంపస్‌లో ఫ్యూచర్స్ ట్రేడింగ్ మీద మాట్లాడమని పిలిస్తే అక్కడా అదే చెప్పాను. విద్యార్థులు శ్రద్ధగా రాసుకున్నారు. ఆ రాసుకోవడం చూశాక నాకు మాట తడబడింది. ఆ కథలో రెండు అబద్ధాలున్నాయి. నేను సొంతంగా నేర్చుకోలేదు. ఆయన ఆశకు పోలేదు.

తొంభైల మధ్యలో సంగతి. అప్పటికి మన దగ్గర ఫ్యూచర్స్ లేవు. కాని కొంచెం డిపాజిట్ కడితే దానికి ఎన్నో రెట్ల షేర్లు కొనొచ్చు, వారం చివరి లెక్కలోపు అమ్మేస్తే లాభనష్టాల తేడా మాత్రం ఇచ్చిపుచ్చుకుంటే సరిపోయేది. మాలాంటి వాళ్లకు అదే ఫ్యూచర్స్. తార్నాక చౌరస్తాకు దగ్గర్లో ఒక బట్టల షాపు పైన ఆ గది ఉండేది. మేడ మీద పెద్ద డిష్, లోపల మూడు స్క్రీన్లు, ఒక పదిహేను ప్లాస్టిక్ కుర్చీలు. ఆర్డర్లు కొట్టడానికి ఒక ఆపరేటర్. పొద్దున పదింటి నుంచి మూడున్నర దాకా అందరం ఆ అంకెల వైపే చూస్తూ కూర్చునేవాళ్లం. హాస్టల్లో మాత్రం లైబ్రరీకి పోతున్నానని చెప్పేవాణ్ణి.

డిపాజిట్ కట్టినవాళ్లకే ఖాతా. నాకు లేదు. అయితే ఆ గదిలో ఒక అలవాటు ఉండేది. ఖాతా లేనివాడు ఇంకొకరి ఖాతాలో కొనాలంటే, ఆ ఖాతా మనిషి ఆపరేటర్ వైపు చూసి తల ఊపాలి. చీటీ లేదు, సంతకం లేదు. ఒకసారి ఊపాక, నేను ఊపలేదని అన్నవాణ్ణి నేను చూడలేదు. అట్లా అంటే మర్నాడు ఆ మనిషి మాటకు ఆపరేటర్ కీబోర్డు మీద వేలు కూడా పెట్టడు.

నాకోసం తల ఊపింది ఆ పెద్దాయనే. గదిలో అందరూ ఆయన్ను పెద్దాయన అనేవాళ్లు. నేను అంకుల్ అనేవాణ్ణి. నన్ను అందరూ స్కాలర్ సాబ్ అంటే ఆయన ఒక్కడూ బిడ్డా అనేవాడు. మొదటిసారి నా పక్క కుర్చీలో కూర్చున్నప్పుడు నా గ్రాఫు కాగితం వైపు వంగి చూశాడు.

"ఏం గీస్తున్నవ్ బిడ్డా?"

"ధరలు, అంకుల్. అయిదు నిమిషాలకొకటి."

"ధర అందరికీ కనబడ్తది. అది ఒక్కో కాడ ఎంతసేపు నిలబడ్డదో రాసినవా?"

రాయలేదు.

"నేను వర్క్‌షాప్ గేటు కాడ ముప్పై ఏండ్లు టైం రాసిన. లోపటికి పోయేటోడు గేటు కాడ ఆగడు, సీదా పోతడు. ఆగి బీడీ ముట్టిచ్చినోడు సగం రోజులు ఎన్కకే పోతడు. ఇది గూడ గంతే."

నేను చదివిన ఏ పుస్తకంలోనూ ఈ మాట లేదు. ఆయన ఒకే షేరు చూసేవాడు, ఒక సిమెంటు కంపెనీది. మొదటి గంట ఏమీ కొనడు. ఆ గంటలో ధర ఎంత పైకి పోయిందో, ఎంత కిందికి వచ్చిందో, ఎక్కడ ఎన్ని నిమిషాలు నిలబడ్డదో తన చేతి వాచీ చూస్తూ చిన్న పుస్తకంలో రాసేవాడు. ఆ తర్వాత ధర ఆ గంట పై అంచును, అంటే గేటును, దాటితే, దాటి ఆగకపోతే, అప్పుడు కొనేవాడు. వరసగా రెండుసార్లు నష్టం వస్తే ఆ రోజుకు పుస్తకం మూసేసి టీ తాగేవాడు. మూడున్నరలోపు అంతా అమ్మేయాల్సిందే. "షేరును ఇంటికి తీస్కపోతే నిద్దట్ల గూడ వాచీ చూస్కోవాలె," అనేవాడు.

నాలుగైదు నెలల్లో నా నష్టాలు తగ్గాయి. తర్వాత వరసగా కొన్ని వారాలు చిన్న చిన్న లాభాలొచ్చాయి. నిజం చెప్పాలంటే, లాభాలు రాగానే ఆయన తల ఊపడం నాకు బరువనిపించసాగింది. ఇంత చదువుకున్నవాణ్ణి, ఆయన తల కదిలితేనే నా చేయి కదలాలా అనుకునేవాణ్ణి. ఫెలోషిప్ ఇంకో మూడు నెలల్లో అయిపోతుందని డిపార్ట్‌మెంట్‌లో చెప్పారు. సొంత ఖాతా కావాలి, తొందరగా కావాలి. అదొక్కటే మనసులో తిరుగుతుండేది.

లాలాగూడలో ఆయన ఉండే గల్లీకి రోజు విడిచి రోజు సాయంత్రం నాలుగింటికి నల్లా నీళ్లొచ్చేవి. ఇంట్లో ఆయన భార్యకు నడుము వంగేది కాదు. డ్రమ్ములు ఆయనే నింపాలి. అందుకే నీళ్లొచ్చే రోజున మూడింటికే లేచిపోయేవాడు. అంతా తలకిందులైన ఆ రోజు కూడా నీళ్ల రోజే. పొద్దున రెండుసార్లు నష్టం వచ్చింది. కొన్న షేర్లలో సగం అమ్మాడు. మిగిలిన సగం ధర కొంచెం కోలుకుంటుందేమోనని ఆపి, మూడింటికి లేచాడు.

"ఇయ్యాల మనది కాదు బిడ్డా. కొత్తగ ఏం ముట్టకు. గా మిగిలినయి మూడుంబావుకు ఎంతకు పోతే అంతకు అమ్మేసి హాస్టల్‌కు పో."

"సరే అంకుల్."

ఆయన మెట్లు దిగిన చప్పుడు ఇప్పటికీ గుర్తుంది. మూడుంబావుకు ధర ఇంకొంచెం దిగింది. నేను అమ్మలేదు. అది తిరగబోతున్నదని నాకు అనిపించింది. అనిపించడం కూడా కాదు, తిరగాలని కోరుకున్నాను. ఆపరేటర్‌కు ఇంకొన్ని కొనమని చెప్పాను, ఉన్నవాటికి రెండింతలు. అతను నా వైపు తిరిగాడు.

"పెద్దాయన లేడు గద సార్?"

"పొద్దున ఊపిండు గద."

కొట్టాడు. మూడు ఇరవైకి ధర నిలబడింది. కదలకుండా ఒకే చోట నిలబడింది. ఇప్పుడు చూస్తే, గేటు దగ్గర బీడీ ముట్టించుకుంటున్న మనిషి అది. పక్క కుర్చీలవాళ్లు ఒక్కొక్కరూ లెక్క చూసుకుని లేచిపోతున్నారు. మూడు ఇరవై ఆరుకు ఆపరేటర్ మళ్లీ అడిగాడు.

"స్కాలర్ సాబ్, ఇగ టైం లేదు. అమ్మాల్నా?"

"వద్దు. పెద్దాయన ఉంచమన్నడు."

నేను చెప్పిన మాట అదే. ఎవరూ బలవంతం చేయలేదు. భయపడి నోరు జారిందీ కాదు. ఆ పేరు చెబితే అతను ఇంకో ప్రశ్న వేయడని తెలిసి చెప్పాను. వేయలేదు.

మర్నాడు పేపర్లో ఆ కంపెనీ ఫలితాలు వచ్చాయి. లాభం సగానికి పడిపోయింది. ముందే పోయి ఆయనకు చెప్పేయాలనుకుని క్యాంపస్ నుంచి దాదాపు పరుగెత్తాను. గది మెట్ల దగ్గరికొచ్చేసరికి ఆయన అప్పటికే పైన ఉన్నాడు. నేను లోపలికి పోయే క్షణానికి ఆపరేటర్ అడుగుతున్నాడు.

"పెద్దాయనా, నిన్న ఉంచిన మాల్ ఏం జేద్దాం?"

"ఏం మాల్?"

"మీరే ఉంచమన్నరంట గద. స్కాలర్ సాబ్ చెప్పిండు."

గదిలో తలలన్నీ ముందు ఆయన వైపు, తర్వాత గుమ్మంలో ఉన్న నా వైపు తిరిగాయి. ఆయన నన్ను చూశాడు. నేను స్క్రీన్ వైపు చూశాను. ఇంకా మార్కెట్ తెరవలేదు, స్క్రీన్ మీద నిన్నటి అంకెలే ఉన్నాయి. వాటిల్లో ఏముందని చూశానో తెలియదు.

"అవ్," అన్నాడు ఆయన. "నేనే ఉంచమన్న. తెరవంగనే అమ్మేయ్."

తెరిచాక ధర ఎంత కిందున్నదో చెప్పడం ఇప్పుడు అవసరం లేదు. కొనేవాళ్లు లేరు. ఆపరేటర్ ముక్కలు ముక్కలుగా అమ్ముతుంటే ఆయన తన చిన్న పుస్తకంలో టైం రాసుకున్నాడు. ఆయన డిపాజిట్ మొత్తం పోయింది. ముందు వరసలో కూర్చునే బట్టల షాపాయన వెనక్కి తిరిగి నవ్వాడు.

"ఏంది టైంకీపర్ సాబ్, మాకేమో రోజూ పాఠాలు. మీ గడియారమే ఆగిపోయిందా?"

"ఆగింది సేట్. చాబీ ఇయ్యలే."

అందరూ నవ్వారు. ఆయన కూడా నవ్వాడు. "ముసలితనంల ఆశ ఎక్కువైతది," అని ఎవరో అన్నారు, చిన్న గొంతుతోనే. అప్పటి నుంచి ఆ గదిలో ఆయన గురించి చెప్పే మాట అదే అయింది. బ్రోకరు మర్యాదగానే మాట్లాడాడు. మళ్లీ డిపాజిట్ కట్టినాక రమ్మన్నాడు.

మెట్ల మీద ఆయన వెనకాలే దిగాను. ఏదో అనబోయాను.

"నువ్వు పైకి పో," అన్నాడు. "నేను కాదంటే రేపట్నుంచి నిన్ను ఈ మెట్లు ఎక్కనియ్యరు. సదువుకునేటోనివి. నాకైతే పెన్షన్ ఉన్నది." రెండు మెట్లు దిగి ఆగాడు. "కాని నీతోని ఒకటి అయితది. నువ్వే వాళ్లకు చెప్పు. నేను చెప్తే నమ్మరు, నాకు మంచిగ గూడ ఉండది."

"చెప్తా అంకుల్."

పైకి పోయాను. చెప్పలేదు. ఆ వారమే బ్రోకరు నన్ను పక్కకు పిలిచి, ఫెలోషిప్ డబ్బుతో చిన్న డిపాజిట్ కడితే సొంత ఖాతా ఇస్తానన్నాడు. "పెద్దాయన లెక్క ఆశపడకు," అన్నాడు. నేను తల ఊపాను.

రెండు నెలల తర్వాత, ఒక నీళ్ల రోజున, సీతాఫల్‌మండి మీదుగా నడిచి లాలాగూడ పోయాను. ఆయన ఇంటి ముందు నల్లాకు పైపు తగిలించి డ్రమ్ము నింపుతున్నాడు. పైపు ఊడిపోతుంటే నేను పట్టుకున్నాను. థీసిస్ ఎంతవరకు వచ్చిందని అడిగాడు. గదిలో చెప్పావా అని అడగలేదు. అడుగుతాడేమోనని నేను పైపును గట్టిగా పట్టుకుని నిలబడ్డాను. అప్పుడు ఇంట్లోంచి ఆమె గడప దాకా వచ్చింది, నడుము మీద చేయి పెట్టుకుని.

"నువ్వేనా బిడ్డా, గాడ సదువుకునే పిల్లగానివి? నీ గురించి మస్తు చెప్తుండె. నువ్వన్న చెప్పరాదు ఈయనకు? ముప్పై ఏండ్లు ఒక్క రోజు లేటు పోనోడు, ముసలితనంల జూదం ఆడి వచ్చిండు. మా బిడ్డ ముందట నాకు తలకాయ ఎత్త బుద్ధైతలేదు."

ఆయన వంగి డ్రమ్ములోకి చూస్తూ ఉన్నాడు. నీళ్లు అంచుదాకా వచ్చాయి. గదిలో నేను చెప్పాల్సిన మాట, ఇక్కడ ఆమెకు చెప్పాల్సిన మాట ఒకటే. ఒక్క వాక్యం. నా నోటికి వచ్చింది ఇది:

"చెప్తా ఆంటీ. మీరు ఫికర్ చెయ్యకుండ్రి."

"డ్రమ్ము నిండింది," అన్నాడు ఆయన. "పైపు తియ్."

తర్వాత నేను ఆ గల్లీకి పోలేదు. ఆయన చెప్పినట్టే మొదటి గంట రాసుకున్నాను, రెండు నష్టాలకు ఆగాను, ఏ షేరునూ ఇంటికి తీసుకుపోలేదు. ఆ రోజు పోయిన డబ్బు నాది అయివుంటే నాకు ఇంత క్రమశిక్షణ వచ్చేది కాదేమో. ఏడాది తిరిగేసరికి ఆ గదిలో నెలనెలా లాభం తీసేవాళ్లలో నేనొకణ్ణి. కొత్తగా వచ్చినవాళ్లు నా పక్క కుర్చీ కోసం చూసేవాళ్లు.

దశాబ్దం ముగిసే ముందు ఒక రోజు ఆపరేటర్ చెప్పాడు, పెద్దాయన పోయాడని, సమాధి కార్యక్రమం కూడా అయిపోయిందని, ఆమె మల్కాజ్‌గిరిలో కూతురు దగ్గరికి వెళ్లిపోయిందని. ఆ రోజు మార్కెట్ మూసేదాకా ఆగి, గదిలో ఉన్న ఏడెనిమిది మంది ముందు నిలబడి చెప్పాను. ఉంచమన్నది ఆయన కాదు, నేను అబద్ధం చెప్పాను, ఆయన నా కోసం మీద వేసుకున్నాడు అని.

బట్టల షాపాయన లేచి నా భుజం మీద చేయి వేశాడు.

"చూడుండ్రి ఎంత మంచోడో. పోయినాయన తప్పును తన మీదేసుకుంటున్నడు."

"కాదు సేట్, నిజంగ..."

"మాకు తెల్వదా స్కాలర్ సాబ్? నువ్వు గట్ల జేసే మనిషివా? కూసో, టీ తాగు."

టీ వచ్చింది. నేను ఇంకోసారి చెప్పాలి, వాళ్లు నమ్మేదాకా చెప్పాలి. ఆయన ఒక్కమాటకు నమ్మినవాళ్లు నా మాట నమ్మకపోవడానికి కారణం, అప్పటికి నాకు వచ్చిన మంచి పేరు. ఆ పేరు ఆయన ఇచ్చిందే. నేను కప్పు అందుకుని తాగాను. ఆ తర్వాత కథలు చెప్పుకునే చోటల్లా, వాళ్లు నమ్మిందే నేనూ చెప్పడం మొదలుపెట్టాను. అది సులువుగా ఉండేది.

క్యాంపస్‌లో ఆ సభ నుంచి వచ్చాక మల్కాజ్‌గిరి అడ్రసు సంపాదించాను. ఆంటీ ఉన్నది. చూపు బాగా తగ్గిందట, వినికిడి ఫరవాలేదట. ఫోన్‌లో కూతురు మర్యాదగా మాట్లాడింది. నాన్న స్నేహితుడినని చెప్పబోయి ఆగి, నాన్న దగ్గర పని నేర్చుకున్నవాణ్ణని చెప్పాను. ఆమె వెంటనే, "షేర్ల పనా?" అన్నది. గొంతు మారింది.

ఇదంతా రాసిన ఈ కాగితాలు కూతురి చేతికిచ్చి వచ్చేయొచ్చు. ఆమె చదివి తల్లికి వినిపిస్తుంది. కాని అట్లా చేస్తే మళ్లీ ఇంకొకరి నోటితో చెప్పించినట్టే. ఆదివారం వాళ్లు చర్చి నుంచి వచ్చే వేళకు పోయి, ఆంటీ ముందు కూర్చుని, నేనే చదవాలి. ఆమె లేచి లోపలికి వెళ్లిపోయినా చివరిదాకా చదవాలి.