మూడో సై

దయ్యాలు, ఆత్మలు అంటే నాకు నవ్వు రాదు, కోపం వస్తుంది. బిడ్డకు జ్వరమొస్తే గాలి సోకిందని తాయెత్తు కట్టే మా ప్రొద్దుటూరు ఆడవాళ్లతో నిలబడి పోట్లాడిన మనిషిని నేను. ఇప్పుడు రాసేది చదివి మీరు నన్నూ ఆ జట్టులోనే కలిపేస్తారు. కలపండి, ఏం చేస్తాను.

బంగారు అంగళ్లకు వెబ్‌సైట్లు చేసి బతుకుతాను. ఆ పని తేలిక కావాలని ముగ్గురం కలిసి ఒక ఫ్రేమ్‌వర్క్ తయారు చేశాం. అంటే ప్రతి వెబ్‌సైటూ పునాది నుంచి కట్టే పని లేకుండా ముందే సిద్ధంగా ఉంచిన చట్రం. ఓపెన్ సోర్స్ కాబట్టి ఎవరైనా ఊరికే వాడుకోవచ్చు, లోపలి కోడ్ చూసి మార్చుకోవచ్చు. నాతో పాటు పులివెందుల వైపు సింహాద్రిపురం ఓబులేసు, జమ్మలమడుగు ఖాదర్. ఇద్దరూ నాకన్నా చిన్నవాళ్లు. ఖాదర్ కువైట్‌లో ఉద్యోగం చేస్తూ సెలవు రోజుల్లో మాతో కలిసి రాసేవాడు. సిగ్నల్ సరిగా లేని చోట, పాత ఫోన్లలో కూడా వెబ్‌సైట్ తెరుచుకునేలా చేసే భాగం మొత్తం వాడిదే.

ఓబులేసు వాళ్లది గొర్రెల ఇల్లు. నాలుగిళ్ల గొర్రెల్ని ఒకే మందగా తోలేవాళ్లట. మందను వేరే బీడుకు మార్చాలంటే గొర్రెలున్న ప్రతి ఇంటివాడూ నోటితో సై అనాలి, తల ఊపితే చాలదు. మేమూ అదే పద్ధతి పెట్టుకున్నాం. ముగ్గురమూ కాల్‌లో సై అంటేనే కొత్త వెర్షన్ విడుదల. ఒక మనిషి పోతే ఏం చేయాలన్నది మాత్రం ఎవరికీ తట్టలేదు.

ఖాదర్ కువైట్‌లోనే రోడ్డు ప్రమాదంలో పోయాడు. జమ్మలమడుగుకు తెచ్చి మట్టి చేశారు. ఓబులేసు పిడికెడు మన్ను వేసి వచ్చాడు. నేను వాళ్లింట్లో ఆడవాళ్ల మధ్య కూర్చుని ఏడ్చాను. కాబట్టి వాడు పోయాడనడంలో నాకు ఏ అనుమానమూ లేదు.

కొన్నాళ్లకు తర్వాతి వెర్షన్ గురించి కాల్ పెట్టుకున్నాం. భోజనాలయ్యాక, ఎండ ఫెళ్లున కాస్తున్న వేళ. నేను మా ఇంట్లో, ఓబులేసు సింహాద్రిపురంలో, కోడ్‌ను పరీక్షించి పెట్టడానికి కొత్తగా చేరిన ఒక విజయవాడ అమ్మాయి. ఆ పిల్ల ఖాదర్‌ను చూడలేదు, గొంతు వినలేదు.

ఖాదర్ భాగాన్ని కొత్త వెర్షన్‌లో ఎలా సర్దాలో మొదలుపెట్టాను. ఆ అమ్మాయి అమాయకంగా, "అది తీసేస్తున్నారు కదండీ? ఓబులేసు గారు పోయిన వారమే చెప్పారు" అంది.

నాకు మాత్రం చెప్పలేదు. వీడు నాతో రోజూ మాట్లాడతాడు. ముందురోజు కూడా మాట్లాడాడు.

"ఏందిరా ఇది?"

"నీకు చెప్తే ఒప్పుకోవని తెలుసక్కా. అది కొత్తదానికి శానా అడ్డం పడ్తాంది. దాన్ని చూసుకునేటోడు ఇప్పుడు యాడుండాడు?"

"నీకు కోడ్ రాసేది నేర్పిందే వాడు గదరా! తిన్నింటి వాసాలు లెక్కబెడతాండావా? మూడు సైలు గాకుండా ఒక్క లైను కూడా తియ్యనియ్యను. పో, ఖాదర్‌తో చెప్పించు పో. వాడు సై అంటే నేనూ సై!"

గెలిచాననే అనుకున్నాను. చచ్చినవాణ్ని ఎవడు తేగలడు?

అప్పుడు వినిపించింది. "సై. తీసెయ్యండప్పా, దాంతో ఇంక పనిలేదు."

ఖాదర్ గొంతు. మాట చివర కొంచెం బొంగురు పోయే గొంతు. తెరమీద మా ముగ్గురి ముఖాలే ఉన్నాయి. ఓబులేసు గిరుక్కున వెనక్కి తిరిగి చూశాడు. ఇంతలో ఆ అమ్మాయి, "ఆయనెవరండీ, కొత్తగా చేరారా?" అని అడిగింది.

ఈ రోజుల్లో పోయినవాళ్ల గొంతులు కూడా కంప్యూటర్‌లో తయారు చేస్తున్నారు. వాడే చేశాడనుకుని ఓబులేసును నోటికొచ్చినట్టు తిట్టి కాల్ పెట్టేశాను. మర్నాడు వాడు బస్సెక్కి వచ్చి లాప్‌టాప్ నా ముందు పెట్టాడు.

"నా బిడ్డ మీద ఒట్టక్కా. నేను చేసుంటే నా చేతులు పడిపోనీ."

మా కాల్స్ ఎప్పుడూ రికార్డు చేస్తాం. పెట్టి విన్నాం. నా అరుపు ఉంది. ఆ అమ్మాయి ప్రశ్న ఉంది. మధ్యలో మా ఇంటి ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు. వాడు తన దగ్గర ఏదైనా వినిపించి ఉంటే అందులో పడాలి కదా. ఆ అమ్మాయికి ఫోన్ చేసి, ఏం విన్నావని అడిగాను. నేను విన్న మాటలే పొల్లు పోకుండా చెప్పింది.

"వద్దులేక్కా, దాన్ని అట్లే ఉండనీ. నాకు భయమైతాంది" అన్నాడు ఓబులేసు.

కానీ నోటితో మాటిచ్చింది నేను. సై అని, ఖాదర్ రాసినదంతా నా చేత్తోనే తీశాను. కళ్లు మసకబారి కీబోర్డు కనపడలేదు. వెర్షన్ విడుదలైంది, బాగానే పనిచేస్తోంది.

ఆ గొంతు ఎక్కడి నుంచి వచ్చిందో నాకు నేటికీ తెలియదు, ఎవరైనా చెబితే వింటాను. ఓబులేసును ఎప్పుడో క్షమించాను. నా మనసు మండేది ఖాదర్ మీద. వాడి కోసం నేను అంత కొట్లాడుతుంటే, ఎవరూ తిరిగిరాని చోటు నుంచి వచ్చి, మగవాళ్లను పిలిచే "అప్పా" అని ఓబులేసుతో మాట్లాడి వెళ్లిపోయాడు. "అక్కా, ఎట్లుండావు" అని నన్ను ఒక్క మాట అడగలేదు.