అన్న చేసిన కంచు రింగులు

నాంపల్లి ఎగ్జిబిషన్‌లో జెయింట్ వీల్ దీపాలు వెలిగినప్పుడల్లా నాకు లోహం గీరుకుపోతున్న చప్పుడు వినిపిస్తుంది. తిరిగే చక్రం మీది దీపాలకు కరెంటు అందాలంటే ఇరుసుకు లోహపు రింగులుండాలి, కార్బన్ బ్రష్‌లు వాటిని ఒరుసుకుంటూ ఉండాలి. ఆబిడ్స్‌లోని మా దుకాణంలో రింగులు అన్న చేసేవాడు, బ్రష్‌లు నేను ఎంచేవాణ్ణి.

ఒక ఏడాది ఆ చక్రానికి అన్న కంచు రింగులు చేసి, వాటికి మెత్తటి బ్రష్‌లే పెట్టమన్నాడు. అవి దుకాణంలో లేవు. ఎండలో బజారుకు పోవడానికి బద్ధకించి, ఉక్కు రింగుల కోసం తెచ్చిన గట్టివి బిగించాను. కొద్ది రోజులకే రింగుల మీద లోతుగా గీతలు పడి, నిప్పురవ్వలు లేచి, దీపాలు ఆరిపోయాయి.

“ఏం ఉస్తాద్, రింగులు పోసినవా, గిన్నెలు పోసినవా?” అన్నాడు చక్రం యజమాని, అందరి ముందు.

అన్న గీతలను వేలితో తడిమి నా వైపు చూశాడు. “తమ్మీ, బ్రష్‌లు మెత్తవేనా?”

“ఔ అన్నా, మెత్తవే.”

“గట్లయితే నా కంచే ఖరాబున్నది.”

ఆ తర్వాత ఆయన రింగులు చెక్కే లేత్ ముట్టలేదు.

ఆయన చనిపోయాక ఆ రింగుల్లో ఒకదాన్ని నునుపు చేసి, మెత్తటి బ్రష్ పెట్టి నడిపించాను. పొద్దంతా తిరిగింది. ఒక్క రవ్వ లేవలేదు, చప్పుడు రాలేదు. నా చెవుల్లో ఉన్న చప్పుడు మాత్రం పోలేదు.

దుకాణానికి వచ్చే పాతవాళ్లు ఇప్పటికీ ఆ రింగుల మాటెత్తి నవ్వుతారు. అన్న కంచు మంచిదేనని వాళ్లకు చెప్పడం మొదలుపెట్టాను. బ్రష్‌లు ఎవరు పెట్టారని అడుగుతారు. అదీ చెబుతున్నాను.